ముల్లు నిజం చెబుతోందా అని అడిగినవాడికి మర్యాద లేదా?

యుద్ధవిమానం తల మీదుగా గర్జిస్తూ పోతే చేతిలో పని ఆపి చూస్తాం. బేగంపేటలో వింగ్స్ ఇండియా ప్రదర్శన జరిగితే మెడ నొప్పి పుట్టేదాకా ఆకాశంలోకి చూసి చప్పట్లు కొడతాం. పైలట్ పక్కన నిలబడి ఫొటో దిగి గోడకు తగిలించుకుంటాం. మంచిదే. కానీ ఆ పైలట్ కళ్ల ముందు వరుసగా ఉండే డయళ్లలో ముల్లు చూపే అంకె నిజమేనా అని పట్టుబట్టి తేల్చినవాడి పేరు ఒక్కటైనా మనలో ఎవరికైనా తెలుసా? మబ్బులో దూరిన విమానానికి నేల ఎటో ఆకాశం ఎటో తెలియదు. అప్పుడు పైలట్ ప్రాణం ఆ ముల్లు మీద ఉంటుంది. ముల్లు మాట నిలబడేది దాన్ని పరీక్షించినవాడి ఓపిక మీద. ఆ ఓపికకు ఈ దేశంలో, ముఖ్యంగా మన తెలంగాణలో, దక్కిన మర్యాద ఏపాటిది?

అలాంటి ఓపికమంతుల వరుసలో అందరికంటే చివర, అందరికంటే చీకట్లో నిలబడ్డవాళ్ల తరఫున నేను మాట్లాడుతున్నాను. కంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్లలో కాక్‌పిట్ మీటర్ల కచ్చితత్వాన్ని పరీక్షించేవాళ్లు వీళ్లు. ఈ మాట చెవిన పడగానే "కంప్యూటర్ గేములా!" అని పెదవి విరిచే పెద్దమనుషులు మా మహదేవపూర్‌లోనూ ఉన్నారు, హైదరాబాద్ సచివాలయంలోనూ ఉన్నారు. అయ్యా, ముందు ఈ పని ఏమిటో వినండి. ఆ తర్వాత కూడా మీ పెదవి అలాగే ఉంటే మీ ఇష్టం.

మహదేవపూర్‌లో డిగ్రీ చదివే కుర్రవాడు ఒకడున్నాడనుకోండి. పాత కంప్యూటర్, చవక జాయ్‌స్టిక్, ఒక నోటుపుస్తకం. తెర మీద 1940 నాటి స్పిట్‌ఫైర్. వాడు ఎవరి మీదా కాల్పులు జరపడు, ఎవరినీ కూల్చడు. ముందు వాతావరణాన్ని కట్టుదిట్టం చేసుకుంటాడు. గాలి సున్నా, సముద్రమట్టంలో ఉష్ణోగ్రత 15 డిగ్రీలు, పీడనం 1013.25 హెక్టోపాస్కల్‌లు. ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రామాణిక వాతావరణం. సముద్రం మీద కిందుగా, ఎత్తు మారకుండా, స్పీడ్ మీటర్ ముల్లును 300 మైళ్ల గీత మీద నిలబెట్టి, దూరం తెలిసిన రెండు గుర్తుల మధ్య స్టాప్‌వాచ్ నొక్కుతాడు. 10 మైళ్లకు సరిగ్గా 2 నిమిషాలు పట్టాలి. పట్టిందా? మళ్లీ తిరిగి వస్తూ ఎదురుదిశలో అదే పరీక్ష. పట్టలేదా? తేడా తన చేతిలో ఉందా, మీటర్‌లో ఉందా, లేక విమానం కదలికను లెక్కకట్టే సూత్రంలోనే ఉందా అని మళ్లీ మొదటి నుంచి.

అక్కడితో అయిపోతే ఇంత రాయవలసిన పని లేదు. అదే విమానాన్ని వాడు 20,000 అడుగులకు ఎక్కిస్తాడు. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానికి దాదాపు సగం. స్పీడ్ మీటర్ కొలిచేది వేగాన్ని కాదు, పిటో గొట్టంలో దూరిన గాలి తోపుడును. గాలి పలచబడితే తోపుడు తగ్గుతుంది. అందుకే ఆ ఎత్తులో ముల్లు 220 మైళ్లు చూపుతున్నప్పుడు విమానం నిజానికి గంటకు దాదాపు 300 మైళ్లు పోతూ ఉండాలి. ఈ తేడా సిమ్యులేటర్‌లో సరిగ్గా పడిందా లేదా అన్నది వాడి ప్రశ్న. మన ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో బెర్నూలీ సూత్రం ఉంది. పరీక్షలో పిల్లలు దాన్ని బట్టీ పట్టి రాస్తున్నారు. ఆ సూత్రం కళ్ల ముందు ముల్లై కదలడం చూసి, దాన్ని నిలదీసి, లెక్క చూసుకున్నవాడికి మనం పెట్టిన పేరు "ఆటల పిచ్చోడు"!

ఎత్తు చూపే ఆల్టీమీటర్ సంగతి ఇంకా గట్టిది. మా మేడిగడ్డ బ్యారేజీ నిండు నీటిమట్టం సముద్రమట్టానికి 100 మీటర్లు, అంటే 328 అడుగులు. ఆ నీటిని తాకేంత కిందుగా ఎగిరే విమానంలో మీటర్ సరిగా ఉంటే ముల్లు ఆ అంకె దగ్గరే నిలవాలి. వాన ముసురు పట్టి పీడనం 10 హెక్టోపాస్కల్‌లు పడిపోయిందనుకోండి, పైలట్ మీటర్ చిన్న కిటికీలో కొత్త పీడనాన్ని పెట్టుకోవడం మరిచాడనుకోండి, అదే చోట అదే మీటర్ దాదాపు 600 అడుగులు చూపుతుంది. కింద గోదావరి, మీటర్‌లో మాత్రం ఇంకా బోలెడంత ఎత్తు! చలి పెరిగినా ఆల్టీమీటర్ ఉన్నదానికంటే ఎక్కువే చూపుతుంది. ఈ రెండు పొరపాట్లూ నిజమైన విమానాల్లో మనుషుల్ని కొండలకు కొట్టాయి. సిమ్యులేటర్‌లో ఆ పొరపాటు పుట్టవలసిన చోట పుట్టకపోతే, అందులో నేర్చుకున్నవాడు రేపు నిజమైన ఆకాశంలో ఏ ధైర్యంతో ఎగురుతాడు?

ఇక్కడే ఈ పనివాళ్ల అసలు గొప్పతనం ఉంది. దీన్ని మనవాళ్లు గుర్తించకపోవడం నాకు అన్నిటికంటే బాధ. సిమ్యులేటర్‌లో విమానం వేగం, ఎత్తు, దిశ కంప్యూటర్‌కు దశాంశాలతో సహా తెలుసు. ఆ అంకెను తెచ్చి డయల్ మీద పెట్టడం చాలా తేలిక. అలా పెడితే ముల్లు చూపేది నిజమే. కానీ కాక్‌పిట్ మాత్రం అబద్ధమైపోతుంది! ఎందుకంటే నిజమైన మీటర్లు ఎన్నడూ అంత నిక్కచ్చిగా లేవు. స్పిట్‌ఫైర్ పిటో గొట్టం ఎడమ రెక్క కింద ఉంటుంది. రెక్క చుట్టూ గాలి ఒంపులు తిరగడం వల్ల వేగాన్ని బట్టి రీడింగ్‌లో కొంత తేడా వస్తుంది. ఏ వేగానికి ఎంత కలపాలో ఎంత తీసెయ్యాలో అప్పటి పైలట్ల చేతిపుస్తకాల్లో పట్టిక వేసి ఇచ్చారు. విమానం పైకి లేస్తోందా కిందికి దిగుతోందా చూపే మీటర్ కొన్ని సెకన్లు ఆలస్యంగా మేల్కొంటుంది. ఉత్తర దిశగా పోతూ పక్కకు తిరిగితే అయస్కాంత దిక్సూచి మొదట వెనకబడుతుంది, ఒక్కోసారి ఎదురువైపు తిరుగుతున్నట్టే చూపుతుంది. తూర్పుకో పడమరకో పోతూ వేగం పెంచితే ఉత్తరానికి మళ్లినట్టు చూపుతుంది. గైరో దిశామీటర్ మెల్లగా జారిపోతుంది, మధ్యమధ్య సరిదిద్దుకోవాలి. స్పిట్‌ఫైర్‌లో ఇంధనం మీటర్ బటన్ నొక్కితే తప్ప పలకదు, నొక్కినా కింది ట్యాంకు సంగతే చెబుతుంది. పై ట్యాంకులో ఎంత ఉందో పైలట్ మనసులో లెక్క వేసుకోవలసిందే. పై ట్యాంకు లెక్క కూడా కలిపి చూపే మీటర్‌ను ఏ సిమ్యులేటరైనా పెట్టిందా, అది పైలట్‌కు మేలు చేసినట్టు కాదు, చరిత్రకు ద్రోహం చేసినట్టు.

అంటే పరీక్షకుడు వెతికేది కేవలం ఒప్పును కాదు. ఆనాటి మీటర్ ఎక్కడ ఎంత తప్పు చెప్పేదో, ఇక్కడి మీటర్ అక్కడ అంతే తప్పు చెబుతోందా అని వెతుకుతాడు. దీనికి భౌతికశాస్త్రం కావాలి, చరిత్ర కావాలి, చేతి నిలకడ కావాలి, అన్నిటికీ మించి తన లెక్క తప్పేమో అని తననే అనుమానించుకునే నిజాయితీ కావాలి. విమానం 60 డిగ్రీలు వాలి ఎత్తు కోల్పోకుండా తిరిగితే, పైలట్ మీద పడే భారాన్ని కొలిచే జీ-మీటర్ 2 చూపాలి. చూపకపోతే ఎవరు తప్పు? ఆ ఒక్క ప్రశ్న వెంట రాత్రంతా పోయేవాడికి పరిశోధకుడన్న పేరు ఎందుకు ఇవ్వం? డిగ్రీ కాగితం లేదనా? ల్యాబ్ కోటు వేసుకోలేదనా?

వడ్ల కొనుగోలు కేంద్రంలో తూకం కాంటా కిలో తేడా చూపితే, తరుగు పేరిట బస్తాకు రెండు కిలోలు కోస్తే, మన రైతు రోడ్డెక్కుతాడు. ఎక్కాలి కూడా. కాంటాను పరీక్షించే అధికారికి జీతం ఉంది, ముద్ర ఉంది, చట్టం అండ ఉంది. మరి ఆకాశపు కాంటాను పరీక్షించేవాడికి?

ఇది మనకు సంబంధం లేని సీమ విద్య అనుకునేవాళ్లకు చరిత్ర చెప్పక తప్పదు. మొదటి ప్రపంచయుద్ధం చివర 1918లో బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానాలు నిజాం ఇచ్చిన విరాళంతో సమకూరాయి. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లతో, 253వ హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్ హరికేన్లతో 1940 నాటి బ్రిటన్ గగనయుద్ధంలో పోరాడాయి. 152వ స్క్వాడ్రన్ ఆ తర్వాత బర్మా రంగానికీ వచ్చింది. నిజాం ఖజానా ఎవరి చెమటతో నిండింది? కరీంనగర్ జిల్లా రైతు కట్టిన శిస్తు అందులో లేదా? మహదేవపూర్ అడవుల పన్ను లేదా? ఇవాళ ప్రపంచం నలుమూలలా పిల్లలు ఐఎల్-2, డీసీఎస్ అనే కంబాట్ సిమ్యులేటర్లలో స్పిట్‌ఫైర్ ఎక్కుతున్నారు. బ్రిటన్ గగనయుద్ధంలో పోరాడిన స్క్వాడ్రన్లలో రెండింటి పేరులో మన రాజధాని ఉందని మన పిల్లలకు చెప్పిన పాఠ్యపుస్తకం ఏది? ఆ కాక్‌పిట్‌లో ముల్లు సరిగ్గా కదులుతోందా అని చూసే హక్కు, బాధ్యత అందరికంటే ముందు మనకు లేవా?

స్వాతంత్ర్యం వచ్చాక కథ ఇంకా దగ్గరికి వచ్చింది. 1960లలో మిగ్-21 తయారీ కోసం దేశంలో మూడు చోట్ల పని పంచారు. విమానం నాసిక్‌లో, ఇంజిన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు మన హైదరాబాద్ బాలానగర్‌లో. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారి ఆ కర్మాగారం నుంచి కమ్యూనికేషన్ సెట్లు, శత్రుమిత్ర గుర్తింపు పరికరాలు, రేడియో ఆల్టీమీటర్లు దేశమంతా వెళ్లాయి. అవును, ఎత్తు చెప్పే పెట్టె మన దగ్గర తయారైంది. ఒక్కొక్క పెట్టెను టెస్ట్ బెంచీ మీద పెట్టి, రీడింగ్ రాసి, సంతకం పెట్టి పంపినవాళ్లు మన సిటీ బస్సుల్లో వేలాడుతూ డ్యూటీకి పోయినవాళ్లే. గంటకు 300 కిలోమీటర్లకు పైబడిన వేగంతో రన్‌వే మీదికి దిగివచ్చే ఆ విమానంలో పైలట్ నమ్మింది వాళ్ల సంతకాన్నే. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పారు. 1963 నుంచి 62 ఏళ్ల సేవ. టీవీలన్నీ చూపాయి, పైలట్ల సాహసాలు చెప్పాయి. నేను విన్నంతలో బాలానగర్ టెస్ట్ బెంచీ మాట ఒక్కటి రాలేదు. వాయుసేనలో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్ అనే ఉద్యోగం ఉండేదని మనలో ఎంతమందికి తెలుసు? ఆ ఫిట్టర్ల మీద ఒక్క సినిమా అయినా వచ్చిందా?

అదే మిగ్-21 ఇప్పుడు మన ఆకాశంలో లేదు. ఇక మన దగ్గర అది ఎగిరేది సిమ్యులేటర్‌లోనే. డీసీఎస్‌లో మిగ్-21బిస్ కాక్‌పిట్ 2014 నుంచి ఉంది. కిలోమీటర్లలో వేగం, మీటర్లలో ఎత్తు, సోవియట్ పద్ధతి కృత్రిమ దిగంతం. పాశ్చాత్య విమానాల్లో దిగంతం గీత వాలుతుంది, సోవియట్ వాటిలో విమానం గుర్తు వాలుతుంది. ఒకదానికి అలవాటు పడ్డ కన్ను రెండోదాన్ని క్షణంలో తలకిందులుగా చదివే ప్రమాదం ఉంది. ఆ విమానాన్ని నడిపినవాళ్లు, దాని పరికరాలను బెంచీ మీద పరీక్షించినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. కూకట్‌పల్లిలో, సికింద్రాబాద్‌లో, ఈసీఐఎల్ కాలనీల్లో పింఛను తీసుకుంటూ ఉన్నారు. "అయ్యగారూ, ఈ ముల్లు నిజంగా ఇంత వణికేదా? ఇంత ఆలస్యంగా కదిలేదా?" అని వాళ్లను అడిగి రాసుకునే పని ఎవరిది? పదేళ్లు పోతే అడగడానికి ఎవరుంటారు? విమానాన్ని మ్యూజియంలో నిలబెట్టవచ్చు. ఆ మీటర్ ప్రవర్తన జ్ఞాపకంలో తప్ప ఎక్కడా నిలబడదు. ఆ జ్ఞాపకాన్ని అంకెల్లోకి మార్చి దాచగలిగిన ఏకైక చోటు సిమ్యులేటర్, దాచగలిగిన ఏకైక మనిషి ఆ పరీక్షకుడు.

సిమ్యులేటర్ అంటే ఆటవస్తువు అనేవాళ్లు తేజస్ సంగతి గుర్తు తెచ్చుకోండి. కోట హరినారాయణ నడిపించిన ఆ ప్రాజెక్టులో విమానం 2001 జనవరి 4న తొలిసారి గాలిలోకి లేచింది. అంతకు ముందే టెస్ట్ పైలట్లు దాన్ని నేల మీద సిమ్యులేటర్‌లో ఎన్నోసార్లు నడిపారు. అందులో మీటర్లు అబద్ధం చెప్పి ఉంటే ఆ ఉదయం ఏమయ్యేది? ఇంకా వెనక్కి వెళ్తే, 1929 సెప్టెంబర్ 24న అమెరికా పైలట్ జిమ్మీ డూలిటిల్ కాక్‌పిట్‌ను కప్పేసుకుని కేవలం మీటర్లను నమ్మి విమానం లేపి, తిప్పి, దించాడు. అదే ఏడాది ఎడ్విన్ లింక్ తన తొలి ట్రైనర్ తయారు చేశాడు. అమెరికా సైన్యం దాన్ని పట్టించుకోలేదు. 1934లో టపా మోసే పని నెత్తిన వేసుకుని, చెడ్డ వాతావరణంలో పైలట్లను వరుసగా పోగొట్టుకున్నాక గానీ వాటిని కొనలేదు. విలువ తెలుసుకోవడానికి ప్రతిసారీ శవాలే కావాలా?

మన దగ్గర ఆ పాఠం లేదా? 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయి బయల్దేరిన ఎయిర్ ఇండియా జంబో 'ఎంపరర్ అశోక' నేల విడిచి రెండు నిమిషాలు కాకముందే అరేబియా సముద్రంలో పడింది. 213 మంది పోయారు. కెప్టెన్ ముందున్న దిగంతం మీటర్ తప్పు చూపింది. కింద సముద్రం, పైన చీకటి. పక్క సీటు ముందున్న మీటర్, మధ్యలో ఉన్న అదనపు మీటర్ సరిగానే ఉన్నాయి. మూడింటినీ పోల్చి చూసుకునే ఆ క్షణపు అలవాటే అక్కడ అందలేదు. మీటర్‌ను అనుమానించడం ఒక విద్య. ముల్లు చూపింది కాబట్టి నిజం అనుకోకుండా, ఇంకో ముల్లును సాక్ష్యం అడగడం ఒక విద్య. ఏ సిమ్యులేటర్ ముందు ఏ కుర్రవాడు కూర్చుని చేస్తున్నా, చేస్తున్నది సరిగ్గా ఈ పనే.

ఆ మాటకొస్తే మహదేవపూర్ మండలానికి ఇది ఇంకొకరు చెప్పవలసిన సంగతా? 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. రాష్ట్రమంతా అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎవరూ ముందే ఎందుకు పసిగట్టలేదు? వేల కోట్ల కాంక్రీటుకు శిలాఫలకాలు ఉన్నాయి, రిబ్బన్లు కత్తిరించిన ఫొటోలు ఉన్నాయి. ఓపికగా కొలిచేవాడికి, రీడింగ్ తేడా వస్తే నోరు విప్పేవాడికి మన వ్యవస్థలో ఏ కుర్చీ ఉంది? కట్టినవాడికి దండ, కొలిచేవాడికి చీదరింపు. ఈ అలవాటు ఎన్నాళ్లు?

సాంకేతిక విద్యాశాఖ పెద్దలను సూటిగా అడుగుతున్నాను. ఇంజనీరింగ్ కాలేజీలకు ఏటా గుర్తింపులు ఇస్తున్నారు. వాటిలో మెజర్‌మెంట్స్ ల్యాబ్ ఎన్నిచోట్ల తాళం తీస్తున్నారో ఎప్పుడైనా చూశారా? రికార్డు బుక్కులో గత ఏడాది సీనియర్ రాసిన రీడింగులనే ఈ ఏడాది జూనియర్ ఎక్కించుకుంటాడని మీకు తెలియదా? అదే పిల్లవాడు రాత్రి సిమ్యులేటర్ ముందు కూర్చుని తన చేత్తో తీసిన రీడింగుకు విలువ కడతారా, కట్టరా? ప్రయాణికుల విమానాల శిక్షణ సిమ్యులేటర్లకు పౌరవిమానయాన నిబంధనల ప్రకారం అర్హత పరీక్షలు ఉన్నాయి. పైకెక్కే పరీక్షలో వేగం 3 నాట్లకు మించి తప్పకూడదు, ఎక్కే రేటు 5 శాతమో నిమిషానికి 100 అడుగులో దాటి తప్పకూడదు అని అంకెలతో సహా రాసి ఉన్నాయి. అక్కడ ఆ పరీక్ష చేసినవాడు నిపుణుడు. అదే తర్కంతో, అదే సూత్రంతో, జీతం లేకుండా చేసినవాడు పనిలేనివాడా?

సిమ్యులేటర్లు తయారుచేసి అమ్ముకునే సంస్థలూ వినాలి. ఆటగాళ్లు పంపిన పరీక్ష ఫలితాలతో మీ మీటర్లు బాగుపడుతున్నాయి. వాళ్లు పట్టికలు వేసి, రికార్డింగులు జోడించి, పాత చేతిపుస్తకాల పేజీలు చూపించి మీకు తప్పు పట్టిస్తున్నారు. తర్వాతి అప్‌డేట్‌లో "స్పీడ్ మీటర్ సరిచేశాం" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే సరిపోతుందా? పేరు రాస్తే మీ ఆస్తి కరిగిపోతుందా? వాడు మీ దగ్గర కూలి అడగలేదు. పట్టిన తప్పు పక్కన తన పేరు ఉండాలని కూడా అడగలేదు. అడగలేదు కాబట్టి ఇవ్వనక్కర్లేదా?

ఇక పత్రికల్లో, టీవీల్లో ఉన్న మిత్రులారా, ఈ-స్పోర్ట్స్ ఆడి బహుమతి గెలిచినవాడిని పిలిచి శాలువా కప్పుతున్నారు. వాడికి దక్కవలసిందే. కానీ కూల్చిన విమానాల లెక్క చూసే మీ కళ్లకు, ఒక్క విమానాన్నీ కూల్చకుండా వంద ఎత్తుల్లో వంద వేగాల్లో ఒకే ముల్లును పరీక్షించినవాడు ఎందుకు కనబడడు? తల్లిదండ్రులతోనూ ఒక మాట. మీ వాడు గేమ్ ఆడుతున్నాడో, కొలుస్తున్నాడో గది తలుపు తీసి చూడండి. పక్కన నోటుపుస్తకం ఉంటే, అందులో ఎత్తు, వేగం, ఉష్ణోగ్రత అని గడులు గీసి ఉంటే, దయచేసి కరెంటు తీసేయకండి.

దుండిగల్ వైమానిక అకాడమీ మా ఊరికి కొన్ని గంటల ప్రయాణంలో ఉంది. బాలానగర్ కర్మాగారం ఇప్పటికీ నడుస్తోంది. రక్షణ సిమ్యులేటర్లు తయారుచేసే సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. వరంగల్ మామునూరు విమానాశ్రయాన్ని మళ్లీ తెరుస్తామని ప్రభుత్వాలు చెబుతున్నాయి. రన్‌వే పొడవు గురించి, భూసేకరణ గురించి రోజూ ప్రకటనలు. ఆ విమానాశ్రయంలో రేపు పరికరాలు పరీక్షించే చేతులు ఎక్కడి నుంచి రావాలి? ఢిల్లీ నుంచి తెప్పిస్తారా? పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతను ఇంకా ఎంతకాలం ప్రభుత్వ విధానంగా నడుపుతారు?

నేను అడిగేవి కోట్లు కావు. మహదేవపూర్ జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఒక మంచి కంప్యూటర్, ఒక జాయ్‌స్టిక్, గోడ మీద ప్రామాణిక వాతావరణపు పట్టిక పెట్టండి. భూపాలపల్లి, ములుగు, జనగామ, మహబూబాబాద్‌లలో ఒక్కో కాలేజీకీ అదే ఇవ్వండి. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో స్పీడ్ మీటర్ పరీక్షను ఒక ప్రయోగంగా చేర్చండి. బాలానగర్‌లో, వాయుసేనలో పరికరాల పని చేసి రిటైరైనవాళ్లను ఏడాదికి ఒక్కసారైనా గౌరవ వేతనంతో పిలిచి, ఆ పిల్లల పక్కన కూర్చోబెట్టి, మిగ్-21 ముల్లు ఎలా కదిలేదో చెప్పించి రికార్డు చేయండి. పరీక్ష చేసిన పిల్లవాడి నివేదిక కింద వాడి పేరు, ఊరి పేరు రాయించి కాలేజీ ముద్ర వేసి సిమ్యులేటర్ సంస్థకు పంపండి. ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టడానికి మీకు అడ్డం వస్తున్నది డబ్బా, జీవోనా, లేక ఇంతకాలం ఈ పిల్లలను పనికిమాలినవాళ్లని అన్నామని ఒప్పుకోవలసి వస్తుందన్న బెరుకా?